బాగుంది అంటే చాలదు

పిల్లలూ!

మీరు ఒక పుస్తకం చదివి ముగించారనుకోండి. మీ స్నేహితుడు వచ్చి, "ఏమోయ్, పుస్తకం ఎట్లా ఉంది?" అని అడుగుతాడు. మీరేమంటారు? చాలామంది "బాగుంది" అంటారు. కొందరు "ఏం బాగా లేదు" అంటారు. మామిడిపండు తిని "తియ్యగా ఉంది" అన్నట్టే! అంతటితో ఆ మాట ముగిసిపోతుంది.

కథల పుస్తకానికి ఆ మాట కొంతవరకు సరిపోతుంది. రాజకుమారుడు రెక్కల గుర్రమెక్కి ఏడు సముద్రాలు దాటాడంటే, "ఇది నిజమేనా?" అని మనం అడగం. నిజమే చెబుతానని కథ మనకు మాట ఇవ్వలేదు గదా! కాని కథలు కాని పుస్తకాలు కూడా ఉన్నవి. గొప్పవారి జీవిత చరిత్రలు, యాత్రలు, దేశాల చరిత్రలు, నక్షత్రాలను గురించీ, జంతువులను గురించీ, యంత్రాలను గురించీ చెప్పే పుస్తకాలు. మా బడి పిల్లలు వాటికి "నిజం పుస్తకాలు" అని పేరు పెట్టారు. అటువంటి పుస్తకం, "నేను చెప్పేది జరిగింది, నా మాట నమ్ము" అంటుంది. నమ్మమని అడిగినవాణ్ణి మనం నాలుగు ప్రశ్నలు వేయవద్దా? అందుచేత నిజం పుస్తకం మీద అభిప్రాయం చెప్పేటప్పుడు "బాగుంది" అంటే చాలదు.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. మా ఉన్నత పాఠశాలలో శనివారం చివరి పీరియడు గ్రంథాలయానికి. గ్రంథాలయమంటే పెద్ద భవనం అనుకునేరు! రెండు బీరువాలు, అంతే. అందులో ఒకదాని తలుపు సరిగా పడేది కాదు, తాడుతో కట్టేవాళ్లం. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు, అంటే పదమూడు మొదలు పదహారేళ్ల వయసువారు, నెలకు ఒక నిజం పుస్తకం చదివి, లేచి నిలబడి, అయిదు నిమిషాలు తమ అభిప్రాయం చెప్పాలి. నేను పెట్టిన నియమం ఒక్కటే: "బాగుంది" అనే మాటా, "బాగా లేదు" అనే మాటా వాడకూడదు.

మొదటి నెలలో అందరి నోళ్లూ మూతపడ్డవి. ఆ రెండు మాటలూ తీసివేస్తే చెప్పడానికి వారికి ఇంకేమీ మిగలలేదు! అయితే మెల్లమెల్లగా మాటలు వచ్చినవి. ఆ మాటలలో కొన్ని మీకు చెబుతాను వినండి.

తన తప్పు తానే చెప్పినవాడు

తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు గాంధీగారి ఆత్మకథ చదివాడు. గాంధీగారు దానిని 1925 నుంచి 1929 వరకు "నవజీవన్" అనే గుజరాతీ పత్రికలో వారం వారం రాశారు. తెలుగులో అది "సత్యశోధన" అనే పేరుతో వచ్చింది. పిల్లవాడు లేచి ఇట్లా అన్నాడు:

"మాస్టారూ, ఎవరి కథ వాళ్లు రాసుకుంటే గొప్పలే రాసుకుంటారని అనుకుని మొదలుపెట్టానండి. మొదట్లో, ఇన్‌స్పెక్టరుగారు వచ్చినప్పుడు ఒక ఇంగ్లీషు మాట స్పెల్లింగు తప్పు రాసిన సంగతి ఉన్నది. పక్కవాడిది చూసి దిద్దుకోమని మాస్టారు సైగ చేసినా ఆయన చూడలేదట. అది కూడా ఒకరకంగా గొప్పే గదా అనుకున్నాను. కాని తరువాత, పదిహేనో ఏట అన్నగారి బంగారు కడియంలోంచి చిన్న ముక్క దొంగిలించానని రాశారు. ఆ తప్పు ఒప్పుకుంటూ తండ్రికి చీటీ రాసి ఇస్తే, ఆయన చదివి కన్నీళ్లు పెట్టుకున్నారట. గొప్పలు చెప్పుకునేవాడు ఇది ఎందుకు రాస్తాడు? తనకు చెడ్డపేరు తెచ్చే సంగతి తానే చెప్పిన మనిషిని, తక్కిన సంగతులలో కూడా నేను నమ్ముతానండి."

చూశారా! వాడు పుస్తకాన్ని మెచ్చుకోవడం మాత్రమే కాదు, ఎందుకు నమ్మాడో కూడా చెప్పాడు. న్యాయస్థానంలో సాక్షి మాటలను తూచే పద్ధతి కూడా ఇటువంటిదే.

అంతలో వెనుక బల్ల మీది అమ్మాయి చెయ్యి ఎత్తింది. "ఆ ఇంట్లో తక్కినవాళ్లు ఏమనుకున్నారో మనకు తెలియదు గదండీ! ఇదే కథ కస్తూరిబాగారు రాసి ఉంటే ఎట్లా ఉండేదో!" అన్నది.

నాకు సమాధానం తోచలేదు. ఎంత నిజాయితీపరుడు రాసినా, పుస్తకం ఒకరి కన్నులతో చూచినదే. ఆ పద్నాలుగేళ్ల పిల్ల పుస్తకంలో ఉన్నదానిని గురించే కాక, లేనిదానిని గురించి కూడా ఆలోచించింది.

ఒకే పుస్తకం, రెండు మాటలు

ఏనుగుల వీరాస్వామిగారి "కాశీయాత్ర చరిత్ర" అని ఒక పాత పుస్తకం ఉన్నది. వీరాస్వామిగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండేవారు. 1830 మే 18న పెద్ద పరివారంతో మద్రాసు నుంచి బయలుదేరి కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. దారి పొడుగునా చూచినదంతా రాశారు. ఆయన గతించిన తరువాత, 1838లో, ఆయన మిత్రుడు శ్రీనివాస పిళ్లెగారు దానిని అచ్చు వేయించారు.

ఈ పుస్తకం చదివిన పదో తరగతి పిల్లవాడి అభిప్రాయం ఇది: "ఒకటే వరసండి. ఫలానా ఊరు చేరాము, అక్కడ నీళ్లు మంచివి, సామాన్లు దొరుకుతవి. మరునాడు ఇంకో ఊరు, అక్కడ సామాన్లు దొరకవు. నేను చదివినంతవరకూ పులీ రాలేదు, దొంగలూ రాలేదు. భాష కూడా పాతది. కడప దాకా వెళ్లి ఆగిపోయానండి."

తరగతి అంతా నవ్వింది. నేను మాత్రం వాణ్ణి మెచ్చుకున్నాను. ఎందుకంటే, చదవనిదానిని చదివానని చెప్పలేదు. ఎక్కడ ఆగాడో, ఎందుకు ఆగాడో దాపరికం లేకుండా చెప్పాడు. అదీ ఒక అభిప్రాయమే.

రెండు నెలల తరువాత ఒక అమ్మాయి అదే పుస్తకం తీసుకున్నది. తన వంతు వచ్చిన రోజున, చుట్టిన కాగితమొకటి తెచ్చి నల్లబల్ల మీద అతికించింది. దాని మీద భారతదేశపు పటం గీసి ఉన్నది. మద్రాసు నుంచి తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ. తిరుగు దారిలో గయ, కలకత్తా, జగన్నాథం, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, నెల్లూరు. అన్నిటినీ ఎర్రగీత కలిపింది.

"మన దేశంలో ప్రయాణికుల రైలు మొదట నడిచింది 1853లో. ఈ యాత్ర అంతకు ఇరవై మూడేళ్ల ముందు జరిగింది," అన్నది ఆ అమ్మాయి. "పదిహేను నెలలకు పైగా పట్టింది. వెంట ఉన్న పరివారమంతా రోజూ తినాలి, నీళ్లు తాగాలి. వాళ్లకు బావి లేని ఊరే పెద్దపులి. అందుకే ఆయన ఊరూరా నీళ్ల సంగతి రాశాడు. ఆయన మనకోసం రాయలేదు, తన వెనుక అదే దారిన వచ్చేవాళ్లకోసం రాశాడు."

మొదటి పిల్లవాడు నోరు తెరిచి విన్నాడు. అయితే వాడు మళ్లీ కాశీయాత్ర తీసుకున్నాడా అంటే, లేదు! రైళ్లను గురించిన పుస్తకం ఏమన్నా ఉన్నదా అని అడిగాడు. నేను వెతికి ఇచ్చాను. ఒకే పుస్తకం అందరికీ నచ్చాలని ఎక్కడా లేదు.

ఒకరికి విసుగు పుట్టించే పుస్తకం మరొకరికి నిధి కావచ్చు. 1903లో కుంభకోణంలో ఒక పదిహేనేళ్ల కుర్రవాడికి కార్ అనే ఇంగ్లీషు ఉపాధ్యాయుడు రాసిన గణితగ్రంథం చేతికి వచ్చింది. అది పరీక్షలకు చదివేవారికోసం రాసినది. దాదాపు అయిదువేల సూత్రాలు వరుసగా ఉంటవి. ఉపపత్తులు కొన్నిటికి రెండు ముక్కలలో ఉంటవి, చాలావాటికి అసలే ఉండవు. పిండి లేని బియ్యపు పొట్టు అనుకునేవారు దానిని చూచి. ఆ కుర్రవాడు మాత్రం ఒక్కొక్క సూత్రాన్నీ తనంతట తానే సాధించి చూడటం మొదలుపెట్టాడు. ఆ కుర్రవాడే శ్రీనివాస రామానుజన్. 1918లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను తన సభ్యుడిగా ఎన్నుకున్నది.

కాని ఇంకో సగం కూడా చెప్పాలి. ఆ పుస్తకం మాదిరిగానే రామానుజన్ కూడా తన ఫలితాలను ఉపపత్తులు లేకుండా రాసుకునే అలవాటు చేసుకున్నాడు. ఇంగ్లండు వెళ్లిన తరువాత ఆ అలవాటువల్ల ఇబ్బంది పడవలసి వచ్చింది. అంతకు ముందే, గణితం తప్ప మరొకటి చదవక కాలేజీ పరీక్షలో తప్పి, ఉపకారవేతనం పోగొట్టుకున్నాడు. మనం ఇష్టపడే పుస్తకం మనకు బలమూ ఇస్తుంది, ఒక్కొక్కప్పుడు లోపమూ అంటిస్తుంది. అభిప్రాయం చెప్పేటప్పుడు రెండూ చెప్పాలి.

పుస్తకాన్ని పరీక్షించిన కుర్రవాడు

ఇప్పుడు లండనుకు పోదాం. 1805లో, ఒక కమ్మరివాని కొడుకు, పద్నాలుగేళ్లవాడు, పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకోవడానికి కుదిరాడు. ఏడేళ్ల ఒప్పందం. పగలంతా ఇతరుల పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. తీరిక చిక్కినప్పుడు ఆ పుస్తకాలనే చదివేవాడు. వాడి పేరు మైకేల్ ఫారడే.

బైండింగుకు వచ్చిన విజ్ఞాన సర్వస్వంలో విద్యుచ్ఛక్తిని గురించిన వ్యాసం వాడి కంటపడింది. తరువాత రసాయన శాస్త్రం మీద మరొక పుస్తకం దొరికింది. దానిని రాసినది జేన్ మార్సెట్ అనే ఆవిడ. మొదట అది ఆమె పేరు లేకుండానే అచ్చయింది. ఎమిలీ, కరొలైన్ అనే ఇద్దరు అమ్మాయిలు తమ ఉపాధ్యాయినిని ప్రశ్నలు అడుగుతూ ఉంటారు. ఆమె ప్రయోగాలు చేసి చూపుతూ జవాబులు చెబుతుంది. పుస్తకమంతా ఆ సంభాషణే.

ఫారడే ఈ పుస్తకాన్ని చదివి "బాగుంది" అని ఊరుకోలేదు. తనకు దొరికే కొద్దిపాటి డబ్బులతో సీసాలూ, రసాయనాలూ కొన్నాడు. పుస్తకంలో చెప్పినవాటిలో తన చేతనైన ప్రయోగాలు స్వయంగా చేసి చూచాడు. పుస్తకం చెప్పినట్టే జరిగింది. అప్పుడు నమ్మాడు!

1812లో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి టిక్కెట్లు ఇస్తే, సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు వినడానికి వెళ్లాడు. విన్నదంతా శ్రద్ధగా రాసి, బొమ్మలు వేసి, తానే బైండు చేసి డేవీగారికి పంపాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయనకు సహాయకుడిగా ఉద్యోగం దొరికింది. 1831లో, అయస్కాంతంతో విద్యుత్తు పుట్టించవచ్చునని నిరూపించాడు. నేడు మన విద్యుత్ కేంద్రాలలో తిరిగే జనరేటర్లకు మూలం అదే.

1858లో, ప్రపంచమంతా తన పేరు తెలిసిన తరువాత, ఆయన ఆ చిన్ననాటి పుస్తకాన్ని గురించి ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. చిన్నప్పుడు తాను అరేబియా కథలను ఎంత సులువుగా నమ్మేవాడో విజ్ఞాన సర్వస్వాన్నీ అంత సులువుగానే నమ్మగలిగేవాడట. ప్రయోగం చేసి చూచే అలవాటే తనను కాపాడిందని ఆయన భావం. ఆ పుస్తకం రాసిన ఆవిడను ఆయన చివరిదాకా గురువుగా తలచుకున్నాడు. అభిప్రాయమంటే అదీ!

నేను చేసిన తప్పు

అయితే ప్రతి సంగతినీ మనం ప్రయోగం చేసి చూడలేము గదా! సీసాలో రసాయనాన్ని పరీక్షించవచ్చు, ఆకాశంలో గ్రహాలను ఎట్లా పరీక్షిస్తాం? ఇక్కడ నేను చేసిన తప్పొకటి మీకు చెప్పాలి. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉన్నది. గాంధీగారి పుస్తకాన్ని మెచ్చుకున్న పిల్లవాడి మాట గుర్తున్నది కనుక దాచను.

2006వ సంవత్సరం. అప్పటికి నేను ప్రధానోపాధ్యాయుణ్ణి కాలేదు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఖగోళశాస్త్రపు పుస్తకమొకటి చదివి లేచి నిలబడింది. "ఈ పుస్తకంలో అబద్ధం ఉన్నది మాస్టారూ. సూర్యుడి చుట్టూ తొమ్మిది గ్రహాలు ఉన్నవని రాశారు. ఎనిమిదే ఉన్నవి," అన్నది.

నేను చిన్నప్పటి నుంచి తొమ్మిదని చదివాను. ఇరవై ఏళ్లుగా తొమ్మిదనే చెప్పాను. నాకు కోపం వచ్చింది. "అచ్చయిన పుస్తకాన్ని అబద్ధమంటావా? పెద్ద పండితురాలివి! కూర్చో," అన్నాను. పిల్లలందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూర్చున్నది.

సోమవారంనాడు నా బల్ల మీద ఆ పుస్తకం ఉన్నది. తెరిచి చూస్తే, ఆ పుటలో వార్తాపత్రిక నుంచి కత్తిరించిన ముక్క. 2006 ఆగస్టు 24న ప్రేగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ శాస్త్రజ్ఞుల సమాఖ్య సమావేశమై, ప్లూటో ఇక గ్రహాల లెక్కలోకి రాదనీ, దానిని మరుగుజ్జు గ్రహమనాలనీ తీర్మానించింది. ఆ వార్త నా కంటపడలేదు. పదమూడేళ్ల పిల్ల మాత్రం చదివింది, దాచింది.

నేనేం చేశాననుకున్నారు? వెంటనే తప్పు ఒప్పుకున్నాననుకుంటున్నారా? లేదు. ఆ ముక్కను తీసి సొరుగులో పెట్టాను. మూడు శనివారాలు గడిచినవి. ఆ అమ్మాయి చెయ్యి ఎత్తడం మానేసింది. అడిగితే "ఏమీ లేదండీ" అనేది. ఆ మాట నన్ను కుదిపింది. ఒక పిల్ల నోరు మూయించడానికి నాకు పట్టినది అర నిమిషం. ఆ నోరు మళ్లీ తెరిపించడం ఎట్లా?

నాలుగో శనివారం తరగతి ముందు నిలబడి, "ఈ అమ్మాయి చెప్పినది నిజం. తప్పు నాది. నన్ను క్షమించమని అడుగుతున్నాను," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

తరువాత ఆ అమ్మాయిని పక్కకు కూర్చోబెట్టి పుస్తకం మొదటి పుటలు తిప్పాము. అది 1980ల నాటి ముద్రణ. "అమ్మాయీ, నీ మాటలో కూడా ఒక చిన్న సవరణ ఉన్నది. ఈయన అబద్ధం రాయలేదు. 1930లో క్లైడ్ టాంబా అనే ఆయన ప్లూటోను కనుక్కున్న నాటి నుంచి 2006 దాకా లోకమంతా అదే చెప్పింది. ఈయన తన కాలంనాటి నిజం రాశాడు," అన్నాను. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, చిన్న చీటీ మీద ఇట్లా రాసింది: "ఈ పుటలో చెప్పిన లెక్క 2006 ఆగస్టు 24 వరకు." ఆ చీటీని ఆ పుటకు అతికించింది. ప్లూటోకు ఆ పేరు సూచించినది ఆక్స్‌ఫర్డులోని పదకొండేళ్ల అమ్మాయి, వెనీషియా బర్నీ, అని నేను చెప్పినప్పుడు ఆ పిల్ల ముఖంలో మళ్లీ నవ్వు కనిపించింది.

చీటీ కాపాడిన సంగతి

గ్రహాలు ఎనిమిదైతేనేం, తొమ్మిదైతేనేం, మన ఇంట్లో అన్నం ఉడకక మానదు గదా అని మీరు అనవచ్చు. మరి ఇది వినండి.

మరుసటి సంవత్సరం తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు పాములను గురించిన పుస్తకం చదివాడు. పొలం పనులు చేసుకునే కుటుంబంవాడు, ఎప్పుడూ ఎక్కువగా మాట్లాడడు. ఆ రోజు బాగా మాట్లాడాడు. పాములలో చాలావాటికి విషం లేదన్నాడు. మన దేశంలో ఎక్కువమంది ప్రాణాలు తీసేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అన్నాడు. పాలు పాముకు ఆహారం కాదనీ, అది ఎలుకలనూ, కప్పలనూ తింటుందనీ చెప్పాడు. నాగులచవితినాడు ఈ మాట అన్నందుకు నాయనమ్మ చేత తిట్లు తిన్నాడట. పిల్లలు నవ్వారు. తరువాత వాడు గొంతు తగ్గించి అన్నాడు:

"మా పెదనాన్న నేలమీద పడుకుంటే రాత్రి కట్లపాము కరిచిందండి. పెద్దగా నొప్పి లేదన్నాడు. మంత్రం వేయించారు. తెల్లవారేసరికి పోయాడు. ఈ పుస్తకం అప్పుడు మా ఇంట్లో ఉంటే, ఆస్పత్రికి తీసుకుపోయేవాళ్లం."

తరగతి నిశ్శబ్దమైపోయింది. నేను ఇరవై ఏళ్లలో ఒక పుస్తకం మీద అంతకంటె బరువైన అభిప్రాయం వినలేదు.

కాసేపటికి ప్లూటో అమ్మాయి మెల్లగా అడిగింది. "పాము కరిస్తే ఏం చేయాలని రాశారు?" పిల్లవాడు పుట తిప్పి చదివాడు. కరిచిన చోటికి పైన తాడుతో గట్టిగా బిగించి కట్టాలి, బ్లేడుతో గాటు పెట్టాలి, నోటితో రక్తం పీల్చి ఉమ్మాలి, తరువాత ఆస్పత్రికి తీసుకుపోవాలి. "పుస్తకం ఎప్పటిది?" అన్నది ఆ అమ్మాయి. చూస్తే నలభై ఏళ్లనాటిది!

నేను ఆ పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. డాక్టరమ్మ పుస్తకం చూచి తల ఊపారు. "ఒకప్పుడు అందరూ ఇట్లాగే రాసేవారు. ఇప్పుడు ఇది చేయకూడదు. గట్టిగా కడితే రక్తం ఆడక కాలు చెడిపోవచ్చు. కోస్తే రక్తస్రావం. పీల్చడంవల్ల ఉపయోగం లేదు. కరిపించుకున్నవాణ్ణి నడిపించకూడదు. ఉంగరాలూ, గాజులూ తీసివేసి, కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, ధైర్యం చెబుతూ, వెంటనే విషానికి విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి తీసుకుపోవాలి. పామును పట్టే ప్రయత్నంలో కాలం పోగొట్టుకోకూడదు," అని వివరంగా చెప్పారు.

పిల్లలిద్దరూ ఆ మాటలన్నీ రాసుకున్నారు. ఆ పుటకు పెద్ద చీటీ అతికించారు. అదే మాటను పెద్ద కాగితం మీద రాసి బడి గోడకు కూడా అంటించారు. పుస్తకంలో పాములను గురించి చెప్పిన మంచి సంగతులు అట్లాగే ఉన్నవి, ప్రమాదమైన మాట మీద మాత్రం చీటీ పడింది. ఆ చీటీ అతికించే పద్ధతి మాకు ఎవరు నేర్పారో మీకు తెలుసు గదా! నేను ఆ శనివారం క్షమాపణ అడగకపోతే, ఆ అమ్మాయి ఆ ప్రశ్న అడిగి ఉండేదా? ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటాను.

మీరు అడగవలసిన ప్రశ్నలు

కనుక పిల్లలూ, నిజం పుస్తకం చదివినప్పుడు ఈ అయిదు ప్రశ్నలూ వేసుకోండి.

ఒకటి: ఇది రాసినది ఎవరు? ఆయనకు ఈ సంగతి ఎట్లా తెలిసింది? కళ్లతో చూచాడా, పరిశోధించాడా, ఎవరో చెబితే విన్నాడా?

రెండు: ఎప్పుడు రాశారు? పుస్తకం మొదటి పుటల్లో చిన్న అక్షరాలతో అచ్చయిన సంవత్సరం ఉంటుంది. దానిని చూడకుండా పాఠం మొదలుపెట్టకండి.

మూడు: ఇందులో నేను స్వయంగా కొలిచి, లెక్కకట్టి, పటం గీసి తెలుసుకోగలది ఏమన్నా ఉన్నదా? అయితే పాముల మీదా, మందుల మీదా, కరెంటు మీదా ప్రయోగాలు పనికిరావు సుమా! వాటిని తెలిసిన పెద్దలను అడిగి తెలుసుకోండి.

నాలుగు: ఇందులో ఎవరి మాట లేదు? కస్తూరిబాగారిని గురించి అడిగిన అమ్మాయిని గుర్తుంచుకోండి.

అయిదు: ఇది చదివిన తరువాత నేను చేసే పనిలో ఏమన్నా మారిందా?

ఈ రోజులలో పుస్తకాలే కాదు, ఇంట్లో పెద్దల చేతి ఫోనులో కూడా ఎన్నో నిజం మాటలూ, నిజంలా కనిపించే మాటలూ వస్తున్నవి. ఈ ప్రశ్నలు వాటికీ పనికివస్తవి. రాసినవారి పేరూ, రాసిన తేదీ లేని మాటను ఇంకా జాగ్రత్తగా చూడాలి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ అబ్బాయో, అమ్మాయో వచ్చి, "ఈ పుస్తకంలో తప్పున్నది" అంటే, నేను అన్నట్టు "కూర్చో" అనకండి. "నీకు ఎట్లా తెలిసింది? చూపించు," అనండి. చూపించగలిగితే ఇంట్లో అందరూ ఒక కొత్త సంగతి నేర్చుకుంటారు. చూపించలేకపోతే, సాక్ష్యం లేని మాట నిలవదని పిల్లలు నేర్చుకుంటారు. ఎట్లా అయినా లాభమే. "విసుగు పుట్టింది" అన్నా కోప్పడకండి. ఎక్కడ ఆగిపోయారో అడగండి, మరొక పుస్తకం చేతికివ్వండి.

ఇక మీ వంతు. మీ ఇంట్లోనో, బడి బీరువాలోనో ఉన్న నిజం పుస్తకం ఒకటి తీయండి. ముందు సంవత్సరం చూడండి. చదవండి. ఆదివారంనాడు భోజనాల దగ్గర, "బాగుంది" అనే మాట వాడకుండా, దానిని గురించి అయిదు నిమిషాలు అమ్మకూ నాన్నకూ చెప్పండి. పక్కన కొన్ని చీటీలూ, కాస్త జిగురూ ఉంచుకోవడం మరిచిపోకండి!